మచ్చ తుడిచిన చేతికి అభినందన

1987 సెప్టెంబరు ఒకటో తేదీన శ్రీమతి హిల్‌త్యే రోర్డా గారు లేవర్డెన్ పట్టణంలోని మన చిత్రశాలలో సహాయ సంరక్షకురాలిగా చేరారు. తొలి ఏళ్లు చట్రాల వెనుక దుమ్ము దులపడంలోనే గడిచినా ఏనాడూ విసుగు చూపని ఆమె, 1994లో పాత చిత్రాలను శుభ్రపరిచే విభాగానికి అధిపతి అయ్యారు. చిత్రకారుడు వేసినది పోకూడదు, వేయనిది చేరకూడదు అన్నది ఆమె నియమం. ఆ నియమానికి 2003 చలికాలంలో పరీక్ష ఎదురైంది.

మన ఊరి పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు సిబ్రాంట్ హోయ్టెమా అద్దంలో చూసుకుని వేసుకున్న స్వీయచిత్రం అప్పుడు ఆమె బల్ల మీద ఉంది. తన ముఖాన్ని తానే మన్నించుకోని వాస్తవికుడు సిబ్రాంట్. విరిగిన పన్ను, ఉబ్బిన కనురెప్ప, మాసిన కాలరు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దించాడు. చెంప మీది పుట్టుమచ్చ ఊరందరికీ ముద్దు. రొట్టెల అంగడి ఔకే గారు ఆ ముఖం అచ్చుతో చేసే తీపిరొట్టెలకు అదే చోట కిస్‌మిస్ అద్దేవారు. ఆ రోజు శుభ్రపరుస్తున్న ఆమె తడి దూది తాకగానే ఆ మచ్చ సగం ఊడి వచ్చింది.

హిల్‌త్యే గారు దూదిని అక్కడే ఆపేశారు. అప్పటి సంచాలకులు వీబ్రెన్ గారు పరుగున వచ్చారు.

"ఎంత పని చేశారండీ! సరే, సన్న కుంచెతో ఓ చుక్క పెట్టేయండి. ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూశాను కదండీ."

"ఊరంతా మన మీద పడుతుంది!"

"పడనివ్వండి. అది ఆయన వేసిన మచ్చే అయితే నేను రాజీనామా ఇచ్చేస్తాను. కాదంటే మిగతా సగం కూడా తీసేస్తాను."

అన్నారే గానీ తేల్చడం సులువు కాదు. ఏ లోపాన్నీ దాచని మనిషి బొమ్మలో ఏది మురికి, ఏది ముఖం? మచ్చ అంచు నుంచి కంటికి ఆనీ ఆనని పెచ్చు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. అడుగున సిబ్రాంట్ వేసిన చర్మపు రంగు, దాని మీద రెండు వందల ఏళ్ల తర్వాత ఎవరో పూసిన వార్నిష్, మచ్చ ఆ వార్నిష్‌కీ పైన! ఈగలు వదిలి వెళ్లిన మురికి అది. ఆమె కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. వీబ్రెన్ గారు కాఫీ తెచ్చి ఇచ్చారు.

మర్నాడు సంగతి చెప్పడానికి ఆమే ఔకే గారి అంగడికి వెళ్లారు.

"ఏమమ్మా, మా సిబ్రాంట్ మొహం కడిగేశావట! ఇక నా కిస్‌మిస్ ఎక్కడ పెట్టుకోను?"

"ఇన్నేళ్లూ ఈగ రెట్టకి పెట్టారు మామా."

"గట్టిగా అనకు తల్లీ! కొట్లో జనం ఉన్నారు."

మిగతా సగం కూడా తొలగించాక, అక్కడ సిబ్రాంట్ స్వయంగా వేసుకున్న ఎర్రని సన్నగీత బయటపడింది. ఆ ఉదయం గడ్డం గీసుకుంటుంటే కత్తి తగిలిన గాటు! దాన్నీ వదలలేదాయన. ఊరు ఆ గాటును చూడడానికి వరుస కట్టింది.

ఆ తరువాతి రెండు దశాబ్దాలలో హిల్‌త్యే గారు ఎన్నో చిత్రాలకు వాటి అసలు ముఖాలు తిరిగి ఇచ్చారు, మా అందరికీ చేయి ఆపవలసిన క్షణాన్ని గుర్తించడం నేర్పారు. ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. భర్త శూర్డ్ గారితో కలిసి, పడవ మీద సరస్సుల వెంట, ఏ చిత్రం ముందూ ఊపిరి బిగబట్టనక్కరలేని ఉదయాలను వారు సంపూర్ణ ఆరోగ్యంతో సుదీర్ఘకాలం అనుభవించాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము.