బుడంకాయ నోరు తెరవదు

వంటగది బల్ల దగ్గర తండ్రీ కూతురూ. ఎదురుగా ఎత్తు కుర్చీలో, ముక్కుకి సన్నటి గొట్టంతో, నెలల పాప.

“నాన్నా, కట్టుడు పళ్ళు ఎందుకు తీశావు?”

“దానికీ లేవు, నాకూ లేవు. సాటివాడని నన్ను చూసైనా తాగుతుందేమోనని. ఒసే బుడంకాయ్! తాత పాలు తాగుతున్నాడు చూడు. జుర్ర్ర్... అబ్బబ్బ, ఏం పాలు!”

“మొహం తిప్పేసుకుంది.”

“నా అందానికి సిగ్గుపడిందిలే.”

“నవ్వులాట కాదు నాన్నా. రేపు డాక్టరమ్మకి ఏం చెప్పను? నోటితో తాగడం మొదలెట్టకపోతే పొట్టకే గొట్టం పెడతామంది. అంటే మళ్ళీ ఆపరేషను.”

“తాగుతుందిలే. నాకొదిలెయ్.”

“నీకొదిలేస్తే దానికి పట్టమన్న సీసా నువ్వే ఖాళీ చేశావు!”

“నటనలో లీనమైపోయాను. అసలు తప్పంతా దాని పేగులది. పొట్టలో బుద్ధిగా ఉండక, పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే తెరకి చిల్లుందని పుట్టకముందే ఛాతీలోకెక్కి కూర్చున్నాయి.”

“దించేసి అతుకు వేశారుగా.”

“ఆ అతుకు మీదే నా బెంగ. జీవితమంతా బట్టలు కుట్టినవాణ్ణి. ఎదిగే పిల్లకి కాస్త వదులు ఉంచారా అని అడిగితే నవ్వారు.”

“అడిగినందుకు కాదు. నువ్వు జేబులోంచి టేపు తీసినందుకు.”

“సరే, ఇదిగో రెండో సీసా, ఇప్పుడు నువ్వు పట్టు.”

“దా తల్లీ. ఆఁ అను. ఆఁ... చూశావా? తాగిందల్లా పైకి తన్నుకొచ్చి గొంతు మండేది కదా, సీసా అంటేనే హడల్.”

“నాకింకోటి కనబడుతోంది. చెబితే తిడతావు.”

“తిట్టను, చెప్పు.”

“అది సీసాని చూడటం లేదు, నిన్ను చూస్తోంది. ఆఁ అంటూనే నువ్వు పళ్ళు బిగిస్తున్నావు.”

“నేనేం బిగించలేదు.”

“ఇవాళ ఏం తిన్నావు?”

“తిన్నాను.”

“ఏం?”

“ఏదో... తిన్నానన్నాగా!”

“నిన్న?”

“నాన్నా!”

“నువ్వు ముద్ద నోట్లో పెట్టుకోవడం అది ఎన్నడైనా చూసిందా? అది గొట్టంతో బతుకుతోంది, నువ్వు గాలితో. ఈ ఇంట్లో తినేది నేనొక్కణ్ణే, నాకేమో పళ్ళు లేవు. ఇంద, దాని సీసాయే, తాగు.”

“ఛీ! నేనా?”

“నేను తాగలేదూ?”

“ఒక్క గుక్కే... చప్పగా ఉంది. ఊఁ... గోరువెచ్చగా... అలా చూడకు, నవ్వొస్తోంది... అయ్యో, ముక్కులోంచి వచ్చాయి!”

“ఆపకు! చూస్తోంది. మూతి చప్పరిస్తోంది. తాగు, తాగు... చెయ్యి చాపిందే!”

“దా తల్లీ, దా... ఇదిగో... అయ్యయ్యో!”

“ఏమైంది? ఉమ్మేసిందా?”

“లేదు, పట్టి లాగుతోంది. సీసాలోనే ఏం లేదు.”

“అన్నీ తాగేశావా!”

“ఆకలేసింది నాన్నా.”

“అదిగో, రాగం ఎత్తుకుంది. ఉండవే బుడంకాయ్, కలుపుతున్నా... పాలపొడి డబ్బా ఏదీ? ఇది నా పళ్ళ డబ్బా...”

“కంగారుపడకు. ఏడవనీ నాన్నా. సీసాని చూసి ఏడ్చింది ఇన్నాళ్ళూ. సీసా కావాలని ఏడవడం ఇదే మొదలు.”