కళ్లజోడు డబ్బా విచారణ

2007వ సంవత్సరం ఆగస్టు నెలలో ఒక గురువారం, పగలు పదకొండు గంటలకు, నాగర్‌కర్నూల్‌లోని ఒక ధర్మాసుపత్రి వీడియో గదిలో హాజరైనవారు, వరుస క్రమంలో: బల్ల వెనుక ఆసుపత్రి మేనేజరు శంకరయ్య; ఆయనకు కుడివైపున ఫిర్యాదుదారు, బిజినేపల్లి వాస్తవ్యులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, పక్షవాతంతో కుడిచేయి పడిపోయి రెండు నెలలుగా ఇక్కడి వార్డులోనే ఉంటున్న రామచంద్రయ్య; హైదరాబాదు నుంచి తెర మీద, గురువారం గురువారం ఆయనచేత కసరత్తు చేయించే ఫిజియోథెరపిస్టు సుమన; తలుపు దగ్గర, కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్న వార్డు ఆయా ఎస్తేరమ్మ.

“మల్ల అడుగుతున్న ఎస్తేరమ్మ. గీ ఇత్తడి డబ్బ నీ సద్ది సంచిల ఎట్ల దొరికింది?”

“నేనే పెట్టుకున్న, శంకరయ్య సారు.”

“అంటే తీసినవ్.”

“తీసిన.”

“పెద్దసారు దిండు కిందికెల్లి.”

“ఆ. దిండు కిందికెల్లే.”

“ఎందుకు తీసినవ్?”

“తీసిన అంటున్న గద సారు. ఇంక ఎందుకేంది, రాసుకోండ్రి.”

“శంకరయ్యగారూ, ఆమె నేరం అంగీకరించింది. కారణాలతో మనకు పని లేదు. ఆ డబ్బా నా పదవీ విరమణనాడు నా విద్యార్థులు బహూకరించినది. నా వస్తువు నాకు ఇప్పించండి, విచారణ ముగించండి.”

“గంతే పెద్దసార్. ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేస్తది. రేపటి సంది పనిలకు రాదు.”

“ఒక్క నిమిషం. శంకరయ్యగారూ, నా మాట వినిపిస్తోందా?”

“వినిపిస్తున్నది సుమన మేడం. ఇయ్యాల బొమ్మ మస్తు సాఫ్‌గ వస్తున్నది.”

“విచారణ అయ్యాకే కసరత్తు అన్నారు, సరేనని కూర్చున్నాను. కానీ ఎస్తేరమ్మను తీసేస్తే నేనెవరితో చేయించాలి? నేను ఇక్కడి నుంచి చెప్పేదాన్నే. పేషెంటు చెయ్యి పట్టేది ఆమె. రెండేళ్లుగా అక్కడ నా చేతులు ఆమెవే.”

“చేతులు మంచియే మేడం. దిండు కిందికి పోయినయ్, గదే కష్టం.”

“రామచంద్రయ్య సార్, అసలు ఆ డబ్బాలో ఏముండేది?”

“కళ్లజోడు డబ్బాలో కళ్లజోడే ఉంటుందమ్మా.”

“కళ్లజోడు మీ ముఖాన ఉంది సార్. ఎప్పుడూ ముఖానే ఉంటుంది.”

“తుడుచుకునే బట్ట ఉండేది.”

“ఒట్టి బట్టేనా?”

“బట్టనే మేడం. తీసినప్పుడు నేను చూసిన గద. పచ్చ బట్ట.”

“పచ్చ బట్ట అని ఈమెకు ఎవరు చెప్పారు? అందులో...”

“అందులో ఏంది పెద్దసార్?”

“ఏమీ లేదు. కానివ్వండి.”

“నువ్వు చెప్పు ఎస్తేరమ్మ. ఆ బట్ట ఏది మరి?”

“బయటి మురికి మోరీల పారేసిన.”

“బట్ట మోరీల పారేసి, డబ్బ సంచిల దాసుకున్నవా? గిసొంటి దొంగను నేను పుట్టి చూల్లే. పదిహేను దినాల సంది దొంగసొత్తు మెడకు తగిలించుకొని అదే దవాఖానకు వచ్చుడేంది? బజార్ల అమ్ముకోరాదా?”

“అమ్మెతందుకు తియ్యలే.”

“మరి ఎందుకు?”

“మేడంకు చూపెడదామని. గురువారం గురువారం పట్టుకొస్తున్న.”

“నాకా? నాకేం చూపిద్దామని ఎస్తేరమ్మా?”

“ఏం లే మేడం. డబ్బ మంచిగున్నది గద, చూస్తరని.”

“శంకరయ్యగారూ, ఈ ప్రహసనం ఇంకెంతసేపు? నాకు నడుం నొస్తోంది.”

“సార్, మీరు ఇందాకటి నుంచి నా వైపు చూడటం లేదు. నా మీద కోపమా?”

“కోపం కాదు. మీకొక సంగతి చెప్పాను. నాలుగు వారాల కిందట, ఇదే కుర్చీలో కూర్చుని. మీరు ‘చాలా మంచిది సార్, అట్లాగే కొనసాగించండి’ అన్నారు. చదువుకున్నవారు అనవలసిన మాట కాదది. అంతకు మించి నన్ను అడగకండి.”

“నేనా? నాలుగు వారాల కిందటా?”

“మరుసటి వారం మళ్లీ చెప్పాను, సరిగా వినలేదేమోనని. మళ్లీ అదే మాట, అదే నవ్వు. చీర కూడా అదే.”

“చీరా? సార్, నేను డ్యూటీలో చీర కట్టను. ఒక్క రోజు కట్టాను, జూన్‌లో, మా ఆఫీసులో ఫంక్షన్ ఉంటే. శంకరయ్యగారూ?”

“చెప్పుండ్రి మేడం.”

“వీడియో లైను పోయి ఐదు వారాలైంది. ఈ పొద్దే కదా మళ్లీ వచ్చింది. ఈ ఐదు వారాలు సార్ ఎవరితో మాట్లాడారు?”

“అంటే... పిడుగు పడి డిష్ కాలిపోయింది గద మేడం.”

“అది నాకు తెలుసు. నేనడిగింది అది కాదు.”

“కసరత్తు ఆగొద్దని... జూన్ల రికార్డు చేసిన సీడీ ఒకటి ఉండె. అది పెట్టిన. మేడం బొమ్మ చూసుకుంట చెయ్యి లేపుతరు గద, ఏం నష్టమనుకున్న. పెద్దసారు పరేషాన్ అయితరని చెప్పలే.”

“సీడీతో మాట్లాడానా నేను?”

“పెద్దసార్, జర ఇనుండ్రి...”

“ప్రతి గురువారం నమస్కారం పెట్టాను. ఒకనాడు ఆలస్యంగా వచ్చినందుకు ఇంగ్లీషులో క్షమాపణ కూడా కోరాను. సీడీనా?”

“నాకు ముందే ఎరుక సారు. మేడం, మేడం అని నేను పిలిస్తె ఆమె పలుకలే. నవ్వుకుంటనే ఉన్నది. అప్పుడే అనుకున్న, ఇది ఒట్టి బొమ్మ అని.”

“నన్నెందుకు పిలిచావ్ ఎస్తేరమ్మా?”

“ఊకెనే మేడం.”

“సార్, ఆ రోజు నాకే చెబుతున్నాననుకుని ఏం చెప్పారు?”

“చెప్పింది చెప్పాను. పోనివ్వండి.”

“నాకు చేరలేదు సార్. మళ్లీ చెప్పండి.”

“మీకు చేరలేదంటే ఎవరికీ చేరలేదు. మంచిదే అయింది.”

“అప్పుడు గదిలో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“శంకరయ్యగారూ, మీరు?”

“సీడీ పెట్టి నేను చాయ్‌కి పోయేటోణ్ణి మేడం. అర్ధగంట దాని పాటికి అదే నడుస్తుండె.”

“మరి సార్ మోచెయ్యి ఎవరు పట్టారు?”

“ఇంకెవరు మేడం, ఎస్తేరమ్మనే.”

“ఎవరూ లేరు అన్నానా నేను?”

“అన్నారు సార్.”

“ఎస్తేరమ్మా. నువ్వు విన్నావా?”

“నాకేం తెలుస్తది సారు. మీరు సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడుతరు.”

“ఆ మాట తెలుగులోనే చెప్పాను.”

“నేను మీ చెయ్యి దిక్కు చూస్తున్న. వేళ్లు బిగుసుకోకుండ చూసుకొమ్మని మేడం చెప్పిండ్రు.”

“మేడం, టైం అయిపోతున్నది. ఎవరు ఏం ఇన్నా, ఇనకున్నా, దొంగతనం దొంగతనమే. ఇగో సిరా. ఎడమ బొటనవేలు పెట్టు ఎస్తేరమ్మ.”

“పెడుత సారు. కాని ఆ డబ్బ డాక్టరు సారుకు ఇయ్యుండ్రి. పెద్దసారుకు మాత్రం ఇయ్యకుండ్రి.”

“ఆయన డబ్బ ఆయనకియ్యొద్దా? నువ్వెవరు చెప్పతందుకు?”

“నా పని పోతె పోనీ. ఇటిక్యాల దిక్కు పోయి మిరప తోటల్ల కూలి చేసుకుంట. అదొక్కటి ఇయ్యకుండ్రి, మీకు దండం పెడుత.”

“ఎందుకియ్యొద్దో చెప్పు మరి. చెప్తె నీకే మంచిది. నీ పని నిలుస్తదేమో.”

“చెప్ప.”

“చూసినరా మేడం, ఎంత మొండిదో.”

“ఎస్తేరమ్మా, నాకొక్కదానికి చెబుతావా? శంకరయ్యగారిని బయటికి పొమ్మంటాను.”

“వద్దు మేడం. నేను చెప్తె నా పని నిలుస్తది. పెద్దసారు పరువు పోతది. వార్డంత ఆయనకు లేసి నిలబడుతరు.”

“నాది ఏది పోతుందో నేను చూసుకుంటాను. వేలు తీసెయ్ ఎస్తేరమ్మా. శంకరయ్యగారూ, ఆ కాగితం ఇటు ఇవ్వండి. వద్దు, నేను రాయలేను. నేను చెబుతాను, మీరు రాయండి. ఒక్క అక్షరం మార్చవద్దు.”

“ఫిర్యాదు వాపసా పెద్దసార్? ఆఫీసుల నంబరు కూడ పడ్డది...”

“వాపసు కాదు. సవరణ.”

“సార్, నేనున్నాను. లైను తియ్యను. తొందరేం లేదు, నెమ్మదిగా చెప్పండి. ఇవాళ కసరత్తు లేకపోయినా ఫర్వాలేదు. డాక్టరుగారిని కూడా పిలిపిస్తాను.”

“పిలిపించండి. కానీ తొందర ఉందమ్మా. ఇప్పుడు చెప్పకపోతే రేపు చెప్పలేను.”

“సారు, ఎందుకు సారు, ఊకోండ్రి...”

“నువ్వు ఆ కుర్చీలో కూర్చో ముందు. శంకరయ్యగారూ, రాస్తున్నారా?”

“రాస్తున్న పెద్దసార్.”

“‘ఫిర్యాదుదారుడనైన రామచంద్రయ్య అను నేను నమోదు చేయించునది ఏమనగా: సదరు డబ్బాలో బట్ట లేదు. చనిపోదలచి, నేను మింగకుండా దాచుకున్న మాత్రలు ఉండినవి. ఆ ఉద్దేశాన్ని తెరకు రెండు పర్యాయాలు విన్నవించగా తెర మెచ్చుకున్నది. గదిలో ఎవరూ లేరని నేను తలచిన ఆ వేళ అక్కడ ఉండి, విని, ఆ మాత్రలను పారవేసి, నేను మళ్లీ నింపుకోకుండా డబ్బాను తన వద్ద ఉంచుకొని, నా పరువు బయటపడకూడదని తాను దొంగ అనిపించుకొనుటకు ఒప్పుకున్న శ్రీమతి ఎస్తేరమ్మగారికి, ఆమె వల్లనే ఈనాడు ఇక్కడ హాజరై ఉన్న నేను, కృతజ్ఞతాపూర్వకంగా నమస్కరిస్తున్నాను.’”