వీడియో దాటించిన మావయ్య

మీరేం చూశారో ముందు చెప్పండి. అట్టపెట్టెల ఫ్యాక్టరీ వాళ్ల గ్రూపులో మీరూ ఉన్నారుగా. ఆ వీడియో మీ ఫోనుకీ వచ్చిందిగా. ప్రెస్సు మిషన్‌కి ఉండాల్సిన అడ్డు రేకు లేదు. పని జోరు తగ్గుతోందని సూపర్‌వైజరే దాన్ని విప్పించాడు. టీకొట్టు ఆమె తమ్ముడి చెయ్యి లోపలికి పోయింది. చూశారా, లేదా?

ఇప్పుడది ఎవరి దగ్గరా లేదు. ఫోను నిండిపోతుందని ఒక్కరూ దాచుకోలేదు. గ్రూపులో ఉందిగా అనుకున్నారు. తీసినవాడి ఫోను గేటు దగ్గరే లాగేసుకున్నారు. ఇంతలో ఆ చాట్ కంపెనీవాళ్లు పెద్ద గ్రూపుల్లో ఫైళ్లు పంచుకోవడం ఆపేశారు. పాతవీ తెరుచుకోవు. అబద్ధాలు పాకకుండా ఆపడానికట! ‘కుర్రాడు నిర్లక్ష్యంగా చెయ్యి పెట్టాడు’ అని సూపర్‌వైజర్ రాసిన అబద్ధం మాత్రం హాయిగా ఊరంతా తిరుగుతోంది. అది ఫైలు కాదుగా, ఒట్టి రాత!

తెల్లారితే విచారణ. టీకొట్టు ఆమె కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది. బెంచీ మీద మావయ్య అప్పుడే గొంతు సవరించుకున్నాడు. అదే ఫ్యాక్టరీలో, ఆ ప్రెస్సు పక్కనే, అట్ట కోసే మిషన్ ఆయనది. అక్కడ అట్ట కోస్తాడు, ఇక్కడికొచ్చి కోతలు కోస్తాడు.

“నన్నాపుతుందా ఆ కంపెనీ? నిన్న వీడియో పంపబోతే ‘అనుమతి లేదు’ అంది.”

ఆమె చెయ్యి ఆగింది. “వీడియో నీ దగ్గరుందా మావయ్యా?”

“వినమ్మాయ్, విను! అనుమతివ్వడానికి నువ్వెవడివిరా అని, వీడియోని సన్నగా ముక్కలు కోశాను. ఒక్కో ముక్కా ఒక్కో చుట్టానికి పంపాను.”

“వెళ్లాయా?” అన్నాడు దర్జీ.

“వెళ్లక చస్తాయా! కానీ పసిగట్టేశారు, ముక్కలూ ఆపేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా బావమరిదికి ఫోన్ చేసి వీడియోని నోటితో చెప్పాను. ఇదిగో మిషను, ఇదిగో చెయ్యి, అని నేను చెప్తుంటే అక్కడ వాడి ఫోన్లో బొమ్మ దానంతటదే పడిపోతోంది. రంగులతో సహా!”

లారీ డ్రైవరుకి టీ పొలమారింది. “రంగులు కూడా నోటితోనే పంపావా?”

“అడ్డురాకెహె! అంతలో చాట్ కంపెనీ యజమానే ఫోన్ చేశాడు. ‘అయ్యా, మీ కాళ్లు పట్టుకుంటా, ఆపండి’ అని ఒకటే ఏడుపు. ‘నా కాళ్లెందుకురా, అక్కడ నలిగిన చెయ్యుంది, వెళ్లి అది పట్టుకో’ అన్నాను. నా కోపానికి ఫోను ఎంత కాలిందంటే, దానిమీద గిన్నె పెడితే నీళ్లు తెర్లిపోయాయి. ఇలా లాభం లేదని టవరెక్కి, ఆ ఫోను ఆకాశానికెత్తి పట్టుకున్నాను. అంతే! ఊళ్లో ప్రతి ఫోన్లోనూ అదే వీడియో. బట్టలుతికే మిషన్ల మూతల్లో అదే. రోడ్డు మీద సిగ్నల్ దీపాల్లో అదే. మన సూపర్‌వైజర్ గడ్డం గీసుకుందామని అద్దం ముందు నిలబడితే, అందులో వాడి మొహం లేదు, విప్పేసిన రేకు ఉంది! వణికిపోతూ నా ఇంటికొచ్చి...”

బెంచీ అంతా విరగబడి నవ్వింది. టీకొట్టు ఆమె నవ్వలేదు. తడి చేతులు తుడుచుకుని, తన ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఊళ్లో ప్రతి ఫోనుకీ వచ్చిందన్నావు. ఇదిగో నాది.”

వీడియో ఉండాల్సిన చోట బూడిదరంగు గడి. ‘ఈ ఫైలు తెరవడం కుదరదు.’

“సిగ్నల్ లేదేమో అమ్మాయ్.”

“పోనీ నీ ఫోన్లో చూపించు.”

మావయ్య జేబు తడుముకున్నాడు. ఫోను మాత్రం తియ్యలేదు.

“నువ్వు టవర్లెక్కక్కర్లేదు మావయ్యా. ఆ యజమానితో పోట్లాడక్కర్లేదు. మా వాడి పక్క మిషన్ మీద నిలబడింది నువ్వే. రేకు ఎవరు విప్పించారో నీ కళ్లతో చూశావు. రేపు సూపర్‌వైజర్ ఎదురుగా ఆ ఒక్క ముక్క చెప్తావా?”

“నా ఉద్యోగం సంగతి...” అని గొణిగి, మావయ్య ఖాళీ గ్లాసుని మళ్లీ నోటికెత్తుకున్నాడు.

డ్రైవరు చెప్పుల కోసం వెతుక్కుంటూ, “మేం వీడియోలోనే కదా చూశాం” అన్నాడు.

“వీడియోలో చూస్తే చూసినట్టు కాదా?” ఆమె గొంతు లేచింది. “అది పంపినోడు చూశాడు, అందుకున్నోళ్లు చూశారు, అయ్యో అని చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఇప్పుడు ఫైలు ఆగిపోయిందంటారు. ఫైలుకైతే చాట్ కంపెనీవాడు తాళం వేశాడు. మీ నోళ్లకెవడు వేశాడు?”

ఆమె పొయ్యి ఆర్పేసింది. రేపు కొట్టు తెరవనని, పొద్దున్నే విచారణ ఆఫీసు వరండాలో తమ్ముడితో కూర్చుంటానని చెప్పి, వాళ్లింకా బెంచీ మీదుండగానే తలుపు లాగేసింది.

మీరూ చూశారు. ఇందాక అడిగితే కాదనలేదు. రేపు ఆ వరండాకి వస్తారా?