లింగం పెట్టించిన పసుపు పొగ

ఎడపల్లి నుంచి బోధన్ పోయే తొవ్వల, కాలువ మలుపు కాడ ఈరవ్వ చాయ్ హోటల్ ఉంటది. హోటల్ అంటే నాలుగు రేకులు, రెండు బల్లలు, ఒక పొయ్యి. పొద్దుగాల ఏడు కాంగనే లింగం వచ్చి పొయ్యికి దగ్గరి బల్ల మీద కూసుంటడు. తాగేది ఒక్కటే చాయ్. గని ఆ ఒక్క చాయ్ తోని తొమ్మిదింటిదాక గడుపుతడు. ఆయన కోతలు వినేతందుకే వచ్చేటోళ్లు కొందరున్నరు. అండ్ల నర్సింలు ముందటోడు. చెరుకు ట్రాక్టర్ నడుపుతడు. లింగం ఎక్కడన్న ఆగితే "అటెన్క?" అని అందిచ్చుడు ఆయన పని.

ఆ దినం వచ్చిన కొత్తమనిషి షాహిద్. బోధన్‌ల మోటర్లు రిపేరు చేసే దుకాణం ఆయనది. ఎడపల్లిల ఎవరిదో బోరు మోటరు కాలితే చూడనీకి పోతూ పోతూ చాయ్ కోసం బండి ఆపిండు. గిలాస చేతిల పట్టుకొని ఈరవ్వను మెల్లగ అడిగిండు. మొన్న అంగట్ల ఆరు నాటుకోళ్లు కొన్నడట. ఇంట్ల పాతయి తొమ్మిది ఉన్నయట. కొత్తవాటిల ఒకటి నిన్నటి సంది తుమ్ముతున్నది, గొంతుల గురగుర అంటున్నది. మీ దిక్కు ఏం మందు పోస్తరవ్వా అని.

ఈరవ్వ చేతిల గంటె ఆగింది. ఆమె నోరు తెరిచేలోపటనే లింగం అందుకున్నడు.

"గురకనా? గదొక రోగమా సాబ్? గిటు జరిగి కూసో. మొన్నటి వానకాలం నేను రెంజల్ అంగట్లకెళ్లి ఐదు కోళ్లు తెచ్చిన. మూడో దినం ఒకటి తుమ్మింది. ఇంత ఎల్లిపాయ దంచి బెల్లంల పెట్టి మింగిపిచ్చిన. తెల్లారెసరికి గింజలు ఏరుకుంటున్నది. అంతే."

లింగం 'అంతే' అన్నడంటే కథ ఇంక గడప దాటలేదని లెక్క. నర్సింలుకు ఆ లెక్క తెలుసు. ఒక్కటే తుమ్మిందా అన్నా అని అడిగిండు.

"ఒక్కటే అని ఎవడన్నడు? అది మొదాలు తుమ్మింది. దానితోని కలిపి పదహారు తుమ్మినయి. ఐదు కొత్తయి, పదకొండు పాతయి. తుమ్ములంటే మామూలు తుమ్ములా? గూటి తలుపు ఊడి ఆకిట్ల పడ్డది. గురక పెడితే పక్కింటోళ్లు తెల్లారకముందే వరి కోత మిషన్ వచ్చిందనుకొని కొడవండ్లు దాచిపెట్టుకున్నరు. కరెంటు లైన్‌మన్ ఉరికొచ్చిండు, ట్రాన్స్‌ఫార్మర్ పేలుతదేమో అని. స్తంభం ఎక్కి చెవి పెట్టి ఇన్నడు. కాదు లింగన్నా, సప్పుడు కిందికెళ్లి వస్తుందన్నడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

నర్సింలు నవ్వుకుంట తల ఊపిండు. షాహిద్ నవ్వలే. పదహారు కోళ్లకు ఒక్కసారే వచ్చిందంటే అంటురోగమే కదా అని, తన తొమ్మిది పాతకోళ్లు యాదికొచ్చి ఆయన ముఖం చిన్నగైంది.

ఈరవ్వ పాలు పొంగకుండ చూసుకుంట నిలబడ్డది. పదకొండు పాతయి అన్నడు లింగం. అవి ఈరవ్వవి. ఆమె అత్త సచ్చిపోయే ముందు ఇచ్చిన ఒక్క పెట్ట సంతానం. దాని పిల్లలు, పిల్లల పిల్లలు, ఇరవై ఏండ్ల సంది బయటి కోడి ఆ గూట్లకు రాలే. లింగం ఈరవ్వ పెనిమిటికి దోస్తు. పెనిమిటి పోయినంక గూడ వదినె అనుకుంట వచ్చిపోయేటోడు. ఆ వానకాలం ఐదు కోళ్లు కొని తెచ్చిండు గని ఆయన ఇంట్ల గూడు లేదు. వదినె, రెండు దినాలు నీ గూట్ల ఎయ్యి, నేను గూడు కట్టుకొని తోలుకపోతనన్నడు. సరే అన్నది. గూడు కట్టలే. ఐదో దినం అంగడి కోడి ఒకటి ముక్కు చీదుకుంట మూలకు కూసున్నది. వారం తిరగకముందే అన్నిటి ముఖాలు వాచినయి. కండ్లు మూసుకపోయినయి. ముక్కులకెళ్లి ముర్గు నీళ్లు, దగ్గరికి పోతే కంపు. గాలి అందక నోళ్లు తెరిచి, మెడలు సాపి, ఆకాశం దిక్కు చూసుకుంట ఉండేటియి.

"డాక్టర్ ఏమన్నడన్నా?" అని అడిగిండు షాహిద్.

లింగం ఆ మాటకు పెద్దగ నవ్విండు. కోళ్లకు డాక్టరెందుకు, సూది పొడిస్తే కోడి సస్తది, పొడవకపోతే డాక్టర్ సస్తడన్నడు. తన మందు వేరే అన్నడు. ఇక్కడికెళ్లి కథ ఉరుకుడు మొదలుపెట్టింది. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయి పసుపు కొమ్ములు ఏరి ఏరి తెచ్చిండట. దానికి వాయిలాకు, ఎండు మిరపకాయలు. గూటికి అన్ని దిక్కుల గోనెసంచులు కట్టి, లోపట నిప్పుల కుండ పెట్టి, పొగ ఏసిండట. పొగ గూట్లకెళ్లి లేచి, ఊరు దాటి, చెరుకు తోటల మీదికెళ్లి గోదావరి ఒడ్డు కందకుర్తి దాక పోయిందట.

"గోదావరిల మునుగుతున్నోళ్లందరు ఒక్కసారే తుమ్మిండ్రు. నీళ్లు రెండు మెట్లు కిందికి దిగినయి. నదికి అవతల మరాఠోళ్లు కాయ్ ఝాలా, ఏమైంది, ఏమైంది అని ఉరికిండ్రు. నలభై ఏండ్ల సంది దమ్ము రోగంతోని మంచంల ఉన్న ముసలాయన లేచి కూసొని జొన్న భాకర్ తెమ్మన్నడట. చేపలు గూడ ఒడ్డుకొచ్చి దగ్గిపోయినయని సెప్తరు. నేను సూడలే, సూడనిది నేను సెప్ప."

"సూడనిది సెప్పడు అన్న," అన్నడు నర్సింలు షాహిద్ దిక్కు తిరిగి.

ఈరవ్వకు ఆ గోనెసంచులు యాదికొచ్చినయి. ఒక కోడిని గంపల పెట్టుకొని పశువుల దవాఖానకు పోతనని ఆమె బయలెల్లిన నాడు లింగం అడ్డమొచ్చిండు. వదినె, నా మాట ఇను, పసుపు పొగ పెట్టు, మా తాత ముత్తాతల మందు అన్నడు. ఇన్నది. సంచులు ఆమెనే కట్టింది. నిప్పులు ఆమెనే పెట్టింది. లోపట కొట్టుకుంటున్న సప్పుడైతే, రోగం దిగుతుంది వదినె, తలుపు తియ్యకు అన్నడు లింగం. తియ్యలే. సప్పుడు బందైనంక తీసింది. తొమ్మిది అక్కడనే పడి ఉన్నయి. మిగిలిన ఏడు మూడు దినాలల్ల పోయినయి. సిమెంటు సంచిల ఏసుకొని కాలువ కట్ట కాడ పాతిపెట్టింది లింగమే. పాతిపెట్టినప్పుడు ఆయన కండ్లల్ల నీళ్లు గూడ తిరిగినయి. అది ఈరవ్వ చూసింది.

గని వారం తిరగకముందే హోటల్ కాడ కథ మొదలైంది. మొదటిసారి చెప్పినప్పుడు పదహారుల పది సచ్చినయన్నడు. ఇంకొక వారానికి ఐదు. దీపావళి నాటికి రెండే. ఇప్పుడు ఒక్కటి గూడ చావలే.

ఇన్ని దినాలు ఆమె ఎందుకు నోరు మూసుకున్నది? పొగ తన చేతులతోనే పెట్టిన సిగ్గు ఒకటి. ఇంకొకటి గూడ ఉన్నది, అది ఎవలకు చెప్పుకునేది కాదు. లింగం చెప్పినప్పుడల్ల ఒక కోడి లేచి వచ్చేది. నల్లపెట్ట లేచింది, గుడ్లు దాచిపెట్టే పొడల పెట్ట లేచింది. అబద్ధమని తెలుసు. తెలిసి గూడ, ఇయ్యాల ఏది లేస్తదో అని గంటె తిప్పుకుంట వినేది.

ఇంతల లింగం కథ ఆకాశం ఎక్కింది. రోగం పోయిన కోళ్ల గొంతులు అద్దంలెక్క తేటగైనయట. ఎడపల్లిల పుంజు కూసిన కూత నిజామాబాద్ టేషన్ల వినపడి, గార్డు ఎవరో సీటీ ఊదిండ్రనుకొని, టైం గాకముందే రైలును ఇడిసిపెట్టిండట. ప్యాసింజర్లు పిలేట్‌ఫారం మీద, రైలు కామారెడ్డిల. హైదరాబాద్ నుంచి మూడు కార్లల్ల పెద్ద డాక్టర్లు వచ్చి, ఒక్కొక్క కోడి రొమ్ము మీద గొట్టం పెట్టి విని, ఇసోంటి ఊపిరి మనుషులకు గూడ లేదన్నరట. లింగాన్ని దవాఖానల కుర్చీ ఏసి కూసోపెడతమంటే, నా కోళ్లను ఎవరు చూసుకుంటరని ఆయననే వద్దన్నడట.

నర్సింలు బల్ల మీద చరిచి నవ్విండు. లింగం చల్లారిన చాయ్ ఒక్క గుటక తాగిండు.

షాహిద్ అప్పటికే లేచిండు. రైలు సంగతి, డాక్టర్ల సంగతి ఆయన ఇన్నడో లేదో. జేబులకెళ్లి ఫోన్ తీసి ఇంటికి కలిపిండు. ఇస్మత్ అని పెండ్లాన్ని పిలిచి ఉర్దూల చెప్తున్నడు. పదిహేనింటిని ఒక్క గూట్లనే పెట్టు, చుట్టు బస్తాలు కట్టు, గాలి దూరనియ్యకు, నిప్పుల మీద పసుపు, మిరపకాయలు ఎయ్యి.

ఈరవ్వ పొయ్యి కాడికెళ్లి బయటికి వచ్చింది.

"ఆగు బిడ్డా. వద్దని చెప్పు. ఆ పొగ పెడితే అన్ని సస్తయి."

షాహిద్ ఫోన్ చెవికాడికెళ్లి దించిండు. లింగం నవ్వి, వదినె పరాచికం ఆడుతున్నదన్నడు. ఈరవ్వ ఆయన దిక్కు తిరిగింది. గొంతు పెంచలే.

"ఎన్ని బతికినయి లింగం?"

"వదినె, నువ్వు గూడ..."

"నీయి ఐదు, నాయి పదకొండు. ఎన్ని బతికినయో సాబ్‌కు చెప్పు."

లింగం గిలాస దిక్కు చూసిండు. నర్సింలు నవ్వు మూతి మీదనే ఉండిపోయింది, ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. ఈరవ్వనే షాహిద్‌కు చెప్పింది. గూడు నాదే, సంచులు కట్టింది నేనే, పొగకు తొమ్మిది, దాని ఎనుక ఏడు అని. మంది ముందట ఆ మాట అనుడు అదే మొదటిసారి. అని లింగం దిక్కు చూసింది.

"నీ మాటలకు నవ్వినన్ని దినాలు నేను నమ్మలే లింగం. ఆపతి వచ్చిన నాడే నమ్మిన."

లింగం తల ఎత్తిండు. "మరి ఇన్ని దినాలు ఎందుకు అనలే?"

"నువ్వు చెప్తుంటే బతికున్నట్టే ఉండె. గందుకే."

షాహిద్ చేతిల ఫోన్ ఇంక నడుస్తనే ఉన్నది. అవతల ఇస్మత్ ఏం చేయాల్నో అడుగుతున్నది. ఆయన ఫోన్ ఈరవ్వకు ఇచ్చిండు. ఈరవ్వ కొంగుకు చేతులు తుడుచుకొని తీసుకున్నది. కోళ్లన్ని పోయినంక, ఒక్క కోడి లేకుండ, ఉట్టి చేతులతోని ఆమె పశువుల దవాఖానకు పోయింది. అక్కడి డాక్టరమ్మ ఏం చెప్పిందో అదే ఇస్మత్‌కు చెప్పింది. కొత్తయి ఆరింటిని ఇప్పుడే వేరే తీసి దూరం పెట్టు బిడ్డా. గింజలు, నీళ్ల గిన్నెలు వేరే ఉండాలె. ముందుగాల పాతవాటికి ఎయ్యి, తర్వాత కొత్తవాటికి. కొత్తవాటిని ముట్టిన చేతులు, కాళ్లు కడుక్కోకుండ పాతవాటి కాడికి పోకు. గూట్లకు గాలి రానియ్యి, పొగ పెట్టకు. గురక పెట్టేదాన్ని గంపల ఏసుకొని ఇయ్యాలనే దవాఖానకు పో, రేపు అనకు. మల్ల ఎప్పుడన్న అంగట్ల కొంటే మూడు వారాలు పాతవాటిల కలపకు. మూడు వారాలు, మరిచిపోవద్దు.

షాహిద్ మోటరు సంగతి తర్వాత చూస్తనని బండి బోధన్ దిక్కు మలిపిండు. ఆయన పోయినంక లింగం లేచి, ఎవల దిక్కు చూడకుండ, కాలువ కట్ట తొవ్వ పట్టుకొని పోయిండు. నర్సింలు అటెన్క అనలే.

పది దినాలకు షాహిద్ మల్ల వచ్చిండు. కొత్తయి ఆరింట్ల రెండు పోయినయట. పాతవాటిల ఒకటి తుమ్మింది గని నిలబడ్డది. మిగిలినయన్ని మంచిగున్నయట. ఇస్మత్ సలాం చెప్పమన్నదన్నడు. ఈరవ్వ ఇంకొక చాయ్ పోసింది. పాతవి తొమ్మిది తొమ్మిదేనా అని రెండుసార్లు అడిగింది. తొమ్మిదే అన్నడు. ఆమె పొయ్యి దిక్కు తిరిగి కట్టె ఎగదోసింది. కొత్తవాటిని వేరే పెట్టు అనే మాట మూడు నెలల కింద ఎవలన్న తనకు చెప్పి ఉంటే అనుకున్నది. ఆ దవాఖాన ఇక్కడికెళ్లి అంత దూరం గూడ కాదు.

లింగం మాత్రం ఈ హోటల్ మొఖం చూడలే. రెంజల్ తొవ్వల ఇంకొక చాయ్ బండి కాడ కూసుంటున్నడని నర్సింలు చెప్పిండు. అక్కడ గూడ కోళ్ల కథనే చెప్తున్నడట. గని కథ తిరగబడ్డది. ఇప్పుడు ఒక్కటి గూడ బతుకతలేదట.

"వెయ్యి కోళ్లు పాతిపెట్టిన అంటుండవ్వా. కాలువ కట్ట నిండిందట, గడ్డపార అరిగిపోయిందట, మూడు దినాలు అన్నం తినలేదట. ఇనేటోళ్లు నవ్వుతుండ్రు. ఆయన ఆగుతలేడు."

"పదహారని అన్నడా ఎప్పుడన్న?"

నర్సింలు ఆలోచన చేసిండు. ఒకసారి వెయ్యి, ఇంకొకసారి రెండు వేలు అన్నడు గని, పదహారు మాత్రం అనలేదన్నడు.

"అనడు," అన్నది ఈరవ్వ.