కార్డుకు మొక్కిన యాట

ఏందమ్మా గిది, న్యాయమేనా? నువ్వే చెప్పు. ఏయ్, ఎనుక నూకకుర్రి! తల మీద బోనమున్నది, పడితె ఎవలెత్తుతరు? మహంకాళి తల్లితోని రెండు మాటలు మాట్లాడుకోనియ్యరు!

నేనే తల్లీ, పాల ఎల్లమ్మను. మర్చిపోయినవా? పోయిన నెల నీ గడప మీద తల పెట్టి ఏడ్వలే? మా ఆయిన బాలనర్సింహకు గుండెల వాల్వు ఖరాబైంది, మార్చాలె అన్నరు. సర్కారు కార్డు మీద ఆపరేషన్ ఫ్రీ అన్నరు. కార్డు పాస్ కావాలె తల్లీ, బోనాలకు యాటను తెచ్చి నీకు బలిస్తనని మొక్కిన.

పాసైంది. నీ పని నువ్వు చేసినవ్, నేను అబద్ధమాడ. ఫోన్ల మెసేజ్ వస్తె గల్లీ అంత చక్కెర పంచిన.

బట్టలు, చెంబు, ప్లాస్కు సర్దుకొని ప్రైవేటు దవాఖానకు పోతిమి. కౌంటర్ కాడి పిల్ల ఏమన్నదో ఎరికేనా? "పాసైతె అయింది గని ఆంటీ, కార్డు మీద ఈ ఆపరేషన్లు బంద్ చేసినం" అన్నది. నవ్వుకుంట! ఎందుకు బిడ్డా అంటె, వాల్వు పిరమైందట, మందులు పిరమైనయట, సర్కారిచ్చేది మాత్రం పాత రేటేనట. సర్కారోళ్ళేమో, ఏడాదికేడాది ఖర్చు పెరుగుతనే ఉన్నది, ఇంకెక్కడ తేవాలె అంటున్నరట.

మస్తు లొల్లి చేద్దామనుకున్న. గని ఏ మొఖం పెట్టుకొని చేద్దు? దాణా పిరమైనప్పుడు నేను గూడ పాత రేటుకు పాలు పొయ్యనన్న గద! మరీ బతిమాలినోళ్ళకు ఇన్ని నీళ్ళు కలిపి పోసిన. నీకాడ దాపరికమేంది? గుండె వాల్వుల నీళ్ళు కలుపరాదాయె!

పెద్ద సర్కారు దవాఖానల అడిగితె దసరా అయినంక రమ్మన్నరు. ఆగొద్దని డాక్టరు చెప్పె, ఆగుమని లైను చెప్పె. ఎవల మాటినాలె?

ఆయినకైతె ఫికరే లేదు. చూడు, బయట యాట తాడు పట్టుకొని నిలవడ్డడు. రెండడుగులేస్తె ఆయాసం. గని "నువ్వు, నేను ఒక్క లైన్లనే ఉన్నం రా" అని దానితోని పరాష్కాలాడుతుండు. నాకైతె నవ్వు రాలే.

యాటను ఇయ్యాలనే ఇచ్చేస్త. మాట తప్ప. తప్పు నాదే, నాకు మొక్కుడు రాకపాయె. మనిషి బతకాలె అని మొక్కేది పోయి, కార్డు పాస్ కావాలె అని మొక్కిన. ఏం జేద్దు తల్లీ, ఆఫీసుల చుట్టు తిరిగి తిరిగి, కార్డొస్తె మనిషొచ్చినట్టే అనుకున్న.

ఆఁ, అయిపోయింది, జరుగుతున్న, నూకకుర్రి!

జర చెవి ఇటు పెట్టు. నాకు భయమైతుంది తల్లీ. కార్డుకు యాటను ఒప్పుకున్న. మనిషికి ఏమియ్యాలెనో తెలుస్తలేదు.