మూలం లేని ముద్దు

ముద్దు చరిత్ర మీద ఆయన రాసిన పుస్తకం రేపు ప్రెస్సుకి వెళ్లాలి. ఆఖరి అధ్యాయం టైప్ చేస్తున్న భార్య ఉన్నట్టుండి ఆగింది.

“ఏమండీ, ఇక్కడ ఒక మూలం రాయడం మర్చిపోయారు.”

“దేనికి?”

“సంతకం రానివాళ్లు కాగితం మీద ఇంటూ గుర్తు గీసి, దాన్ని ముద్దు పెట్టుకునేవాళ్లన్నారు. దానికి అడుగున పుస్తకం పేరు రాశారు. రాజుల ఉంగరాలకి పెట్టే ముద్దుకీ రాశారు. ఆ కిందదానికే లేదు.”

“ఏముందందులో?”

“‘రైలు కదలబోతుంటే ఆమె వంగి అతన్ని ముద్దు పెట్టుకుంది. ఆమె కళ్లద్దాలు అతని ముక్కుకి కొట్టుకుని ఇద్దరూ నవ్వాపుకోలేకపోయారు.’ ఇదెక్కడిది?”

“ఎక్కడో చదివుంటాను. తీసిపారెయ్.”

“ఇరవై ఏళ్లుగా మీ రాతలు టైప్ చేస్తున్నాను. మూలం లేకుండా మీరు ఒక్క ముక్క రాయరు.”

“అబ్బ, వదిలిపెట్టవు కదా! సరే, అది నువ్వే. పెళ్లైన కొత్తలో నన్ను స్టేషన్లో దింపడానికొచ్చావు. గుర్తులేదూ?”

ఆమె కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

“ఇవి నాకొచ్చి రెండేళ్లేనండీ.”

“అంటే... అది...”

“ఈ రెండేళ్లలో నేను ఏ స్టేషన్‌కీ రాలేదు. మీరు నా దగ్గరికీ రాలేదు.”

ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది.

“పేరు చెప్పండి. అడుగున టైప్ చేస్తాను.”