ముందు చిన్నవాళ్లు చెప్పాలి

ఆ సీసా ఇలా తే, చూడనీ. అబ్బ, అంత భయమేమిటే, ఎత్తి తాగేస్తానా ఏమిటి. నా కళ్లజోడేదీ... ఇదిగో, నెత్తి మీదే ఉంది. "ఆకు రాలే కాలపు బీరు, జర్మనీ పద్ధతి." ఆహా. ఇలాంటివి ఎన్ని తెచ్చావు, ఆరా? రేపు నీ స్నేహితులంతా వచ్చి తలా ఒక గుక్క తాగి మార్కులేస్తారన్నమాట. అట్టముక్కలు కూడా కోసి పెట్టుకున్నావు, భలేదానివే. నీకు ఆటగా ఉంది గానీ అమ్మడూ, ఈ ఇంట్లో ఒకావిడ ఈ పని చేసే బతికింది తెలుసా? మీ తాతయ్య అక్క. నాకు వదిన. నువ్వు పుట్టేసరికే పోయింది, మీ నాన్నకైనా లీలగా గుర్తుందో లేదో. కూర్చో, చెబుతాను. ఇప్పుడే చెప్పేస్తే మంచిది, ఈ మధ్య నాకు మొన్న చదివిన పుస్తకం మళ్లీ తెరిస్తే కొత్త పుస్తకంలా ఉంటోంది. నవ్వకు, నిజమే.

బీరు కార్ఖానాలో రుచి గది అని ఒకటుండేది. అందులో వదిన పెద్ద. ఆవిణ్ని అక్కడంతా "ముక్కమ్మ" అనేవాళ్లు, వెనకాల అనుకునేవు, ఎదురుగానే. ఆవిడ అందుకు గర్వపడేది కూడా. వాసన సబ్బు వాడదు, పౌడరు రాయదు, తలకి నూనె పెట్టదు. పొద్దున్నే నేను ఉల్లిపాయలు తరగబోతే, "అమ్మాయ్, నేను గుమ్మం దాటాక తరుక్కోవమ్మా, నా ముక్కుకి ఇంకా బోలెడు పనుంది" అనేది. కొత్త పెళ్లికూతుర్ని నేను. ఈవిడ గారి ముక్కు కోసం ఇంటిల్లిపాదీ ఆలస్యంగా తినాలా అని లోపల గొణుక్కునేదాన్ని. ఏడాది మొత్తంలో ఆవిడకి పండగలాంటిది ఈ బీరే, నువ్వు తెచ్చినలాంటిదే. ఎండలు ముదరకముందే కాచి, చలి నేలమాళిగలో పీపాల్లో పోసి, ఎండాకాలమంతా కదపకుండా ఉంచి, ఆకులు రాలడం మొదలయ్యాక తెరుస్తారు. రాగి రంగులో ఉంటుంది. అయితే ఆ రంగు చూసి మోసపోకూడదని రుచి గదిలో నల్ల గ్లాసుల్లో పోసి, పైన, అదేమంటారే, గ్లాసు మీద పెట్టేది... ఆఁ, మూత, మూతలు పెట్టేవాళ్లు. చూశావా, మూత అన్న మాటకి కూడా వెతుక్కోవాలి నేను. ఊఁ, ఎక్కడున్నాను? గ్లాసులు. వాసన చూడాలి, గుక్క మింగాలి, ఎండు రొట్టెముక్క కొరకాలి, మోచేతి మడతలో ముక్కు పెట్టి సొంత ఒంటి వాసన ఒకసారి పీల్చాలి. అలా చేస్తే ముక్కు మళ్లీ కొత్తదవుతుందట. మీ తాతయ్య అక్కని ఏడిపించడానికి అలా మోచెయ్యి వాసన చూస్తూ ఇల్లంతా తిరిగేవాడు.

ఇరవైకి మార్కులు. ఆ గదిలో ఒక పద్ధతి, వదినే పెట్టింది. మార్కులు పైకి చెప్పేటప్పుడు ముందు చిన్నవాళ్లు చెప్పాలి. నిన్నగాక మొన్న చేరినవాళ్లు ముందు, పెద్దది కనక వదిన చివర. "పెద్దవాళ్లు ముందు నోరు తెరిస్తే చిన్నవాళ్ల ముక్కులు మూసుకుపోతాయి అమ్మాయ్" అనేది. ఇక అక్కడ బీరు కాచే మేస్త్రి ఒకాయన ఉండేవాడు, గొణుగుడు మేస్త్రి. ఆయనా ఈవిడా ఒక్కనాడూ ఒక్క మార్కు మీద కలిసింది లేదు. ఆయన పన్నెండన్నాక ఈవిడ చివర్న పదిహేనంటే, "మీ ముక్కుకి జలుబు చేసిందండీ" అనేవాడు. "నా ముక్కుకి జలుబు చేస్తే మీ కార్ఖానాకి జ్వరమొస్తుంది" అనేది ఈవిడ.

చివరికి జలుబే చేసింది. మామూలు జలుబు, జ్వరం, వారం పడుకుని లేచింది. లేచాక ఒకరోజు నేను పెరట్లో బట్టలారేసి వచ్చేసరికి వంటింట్లో పొగ. పాలు పొంగి, ఇగిరి, మాడి గిన్నె బొగ్గయింది. ఆ గిన్నెకి ఇంత దూరంలో నిలబడి, పొయ్యికి వీపు పెట్టి వదిన కిటికీ తుడుస్తోంది. "వదినా, పాలు!" అని అరిచాను. తిరిగి చూసింది. ఆ చూపు ఉంది చూడు... ఒంటిమీద బట్ట జారిపోతే ఎవరో చూసినట్టు చూసింది. గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మీ ఆయనకి చెప్పకు. నాలుగు రోజుల్లో వాసన తిరిగొచ్చేస్తుంది" అంది. రాలేదు. నాలిక మీద తీపి తెలుస్తుంది, చేదు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. మిగతాదంతా ముక్కేనట, నాకూ అప్పుడే తెలిసింది.

మరి పని ఎలా చేసిందంటావు? ఆవిడ చివర కదే చెప్పేది! నలుగురూ చెప్పాక, అటూ ఇటూ చూసి మధ్యలో ఒక మార్కు వేసేది. మాటలకేం, ఆవిడకి మాటలకి కొదవా! "రొట్టె పెచ్చు మాడీ మాడకుండా ఉన్నట్టుంది, వెనకాల పాకం, ఆఖర్న చేదు కూడా అలా వచ్చి కూర్చుంటుంది" అని చెబుతుంటే వినేవాళ్లకి నోరూరేది. వాసన పోయింది గానీ మాటలు ఎక్కడికీ పోలేదు. అలా ఒక ఏడాది గడిచింది. ఇంటికొచ్చాక మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు, కాళ్లు కడుక్కుని గదిలోకి పోయేది.

రెండో ఏడు యజమానికి సరదా పుట్టింది. మంచాయనే పాపం. దుకాణాల వాళ్లని నలుగురిని పిలిచాడు, మీ తాతయ్యనీ నన్నూ కూడా పిలిచి గోడవారగా కుర్చీలు వేయించాడు. "మా ముక్కమ్మగారు ఈ గదిలోకొచ్చి పాతికేళ్లయింది, ఈ ఒక్కసారికి ఆవిడే ముందు చెప్పాలి" అని చప్పట్లు కొట్టాడు. వదిన, "అదేంటండీ, పద్ధతి కాదు, చిన్నవాళ్లు..." అంది. వింటేనా! "మీ వినయం చాల్లెండి అమ్మగారూ" అన్నాడు. మూడు గ్లాసులు పెట్టారు. వదిన మొదటిది చూసింది, రొట్టె కొరికింది, మోచేతి మడతలో ముక్కు పెట్టింది. నేను కుర్చీ చివరికి జరిగి కూర్చున్నాను. మీ తాతయ్య మాత్రం మురిసిపోతూ నా కాలు తొక్కుతున్నాడు, చూడు మా అక్కని అని. ఆయనకి తెలియదుగా. మొదటి రెండింటికీ పధ్నాలుగు, పదిహేను, జాగ్రత్తగా వేసింది. మూడోది నాలిక్కి కాస్త తియ్యగా, గుండ్రంగా తగిలినట్టుంది. "పదిహేడు" అంది. తేనె అంది, వేయించిన గింజ అంది, ఈ ఏటి పీపాల్లో ఇదే మేలంది. యజమాని పొంగిపోయి ఆ మూడోది తీసుకొచ్చి మీ తాతయ్యకీ నాకూ ఇచ్చాడు. మూత తీశాను. ఏం చెప్పనే! వానకి తడిసి, ఆరకుండా మూల పడేసిన అట్టపెట్టెలో మొహం పెట్టినట్టుంది. మీ తాతయ్య ముక్కు చిట్లించి, అక్క వైపు చూసి, ముక్కు సర్దుకున్నాడు.

ఇక మిగతావాళ్లు చెప్పాలి. బీరు పరీక్ష చేసే గదిలోంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, పదిహేడంది. పక్కనున్న ఇద్దరూ పదిహేడు, పదిహేడు. గొణుగుడు మేస్త్రి వంతు వచ్చింది. ఆయన గ్లాసు ఎత్తాడు, దించాడు. గొంతు సవరించుకున్నాడు. "పదిహేడు. అమ్మగారి మాటే నా మాట" అన్నాడు. అంతే, వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన ఒప్పుకున్నాడంటే ఇంకేం తెలియాలి చెప్పు! దుకాణాల వాళ్లు అప్పుడే పీపాలు మాకిన్ని మాకిన్ని అంటున్నారు. వదిన లేచి ఆ కొత్తమ్మాయి దగ్గరికెళ్లి, "నీకేం వాసనొచ్చింది తల్లీ?" అంది. ఆ పిల్ల తల దించేసింది. "చెప్పమ్మా." "...తడిసిన అట్టముక్క అమ్మగారూ." "మరి పదిహేడెందుకు వేశావు?" ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టి, "మీరు వేశారు కదండీ" అంది.

వదిన యజమాని వైపు తిరిగి, "ఆ పీపాలు బయటికి పంపకండి. నాకు వాసన తెలియడం మానేసి ఏడాది దాటింది" అంది. ఆయన హాస్యమనుకుని నవ్వాడు, తర్వాత ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు పాపం. మీ తాతయ్య తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు. మేస్త్రి ఒక్కడే లేచి, రుచి గదిలో వేసుకునే పైకోటు ఆవిడ విప్పితే చేతిలోంచి అందుకుని కొక్కేనికి తగిలించాడు. ఇంటికొచ్చేటప్పుడు మాకంటే ముందు నడిచింది, వెనక్కి తిరగలేదు. రాత్రి కంచం ముందు కూర్చుని, "ముక్కు పోయినందుకు కాదు అమ్మాయ్ సిగ్గు. ఏళ్ల తరబడి నాతో పోట్లాడిన మనిషి చేత అబద్ధమాడించాను" అంది. మళ్లీ ఆ కార్ఖానా వీధిలో అడుగు పెట్టలేదు. కూరలకైనా చుట్టు తిరిగి వెళ్లేది.

తర్వాత బతికినన్నాళ్లూ నన్ను కూర్చోబెట్టి అడిగేది. ఉతికిన దుప్పటి తెచ్చి, "దీనికెలా ఉంది?" అనేది. "ఎండ వాసన" అంటే ఒప్పుకోదే! "ఎండంటే ఏ ఎండ? పొద్దుటిదా, రాతి మీద పడ్డదా? సరిగ్గా చెప్పు." నేను తడుముకుంటుంటే మాటలు తనే అందించేది. "నీకు ముక్కుంది, నాకు మాటలున్నాయి, ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అని ఆ ఒక్కప్పుడే నవ్వేది. నాకు తెలిసిన మాటలన్నీ ఆవిడిచ్చినవే.

గ్లాసులో పొయ్యవే, ఒక్క గుక్క. చాలు చాలు. ఆగు... ఊఁ. వస్తోంది. బాగా వస్తోందే వాసన. ఇది... నాకు తెలిసిందే, ఎన్నిసార్లు చెప్పిందో ఆవిడ, పొయ్యి మీంచి తీసిన... కాదు... ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది. నువ్వు చెప్పు. కాదు, నువ్వే చెప్పాలి, ముందు చిన్నవాళ్లే చెప్పాలి. ఏమిటీ? రొట్టె పెచ్చా? ఆఁ, అదే. నేనూ అదే అనబో...

లేదులే. ఆ మాట నాకు రాలేదు. ఆ మూత పెట్టెయ్యి.